36వ పిక్: పరీక్ష మనిషిని ఎంతవరకు కొలుస్తుంది?

ఈ వారం వ్యాస సాధనకు తీసుకున్న అంశం: "ఒక మనిషి ఏమవుతాడో పరీక్ష ముందే చెప్పగలదా?" ఇలాంటి అంశం కనిపించగానే మనలో చాలామంది కలాం గారితోనో, ఐన్‌స్టీన్‌తోనో మొదలుపెడతాం. పేపరు దిద్దేవారు అలాంటివి ఎన్ని చదివి ఉంటారో మీరే ఊహించండి. అందుకే ఈసారి ఉదాహరణను మనకు అలవాటు లేని చోటి నుంచి, ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ నుంచి తెచ్చాను. దీన్ని ఎంచుకోవడానికి నేను చేసిన తప్పు ఒకటి కారణం. అది చివర్లో చెబుతాను.

మా పెద్దమ్మ కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ప్రతి నవంబరులో ఫోన్ చేసి అక్కడి డ్రాఫ్ట్ కబుర్లు చెబుతాడు. "మన ఐపీఎల్ వేలం లాంటిదా అన్నయ్యా?" అని మొదటిసారి అడిగాను. "కాదురా, ఇక్కడ పాట పాడి కొనరు. వంతులవారీగా ఎంచుకుంటారు. ఆ ఏడాది అట్టడుగున ఉన్న జట్టుకే మొదటి వంతు" అన్నాడు.

సమానత్వానికి, సమన్యాయానికి తేడా రాయమంటే ఇంతకన్నా తేలికైన ఉదాహరణ దొరకదు. అందరికీ ఒకే అవకాశం ఇస్తే బలవంతుడు ఇంకా బలపడతాడు. అందుకని వెనకబడినవాడికి ముందు వంతు ఇచ్చారు. ఈ జాతీయ డ్రాఫ్ట్ 1986లో మొదలైంది.

ఇక ఎవరిని ఎంచుకోవాలన్నది అసలు చిక్కు. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 18 ఏళ్లు నిండే కుర్రాళ్లు డ్రాఫ్ట్‌కు అర్హులు. క్లబ్బుల తరఫున తిరిగే స్కౌట్లు ఏడాది పొడవునా వాళ్ల మ్యాచ్‌లు చూస్తారు, కోచ్‌లతో, కుటుంబంతో మాట్లాడతారు. తర్వాత శరీర పరీక్షలుంటాయి: 20 మీటర్ల పరుగు, 2 కిలోమీటర్ల పరుగు, నిలబడి ఎగరడం, పరిగెత్తి ఎగరడం, మలుపులు తిరుగుతూ పరిగెత్తడం. వైద్య పరీక్ష, ఇంటర్వ్యూ కూడా ఉంటాయి. 20 మీటర్లను మూడు సెకన్లలోపు పరిగెత్తినవాడిని అందరూ ఒకసారి తలెత్తి చూస్తారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. జనవరిలో పుట్టినవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే వరుసలో నిలబడతారు. ఇద్దరికీ పదకొండు నెలల తేడా. నలభై ఏళ్ల వయసులో ఆ తేడా లెక్కలోకి రాదు. పదిహేడేళ్ల వయసులో అది ఎత్తులో, కండలో, ఊపిరిలో కనిపిస్తుంది. గడియారం అబద్ధం చెప్పదు. కానీ అది చెప్పేది ఈ రోజు సంగతే. క్లబ్బుకు కావలసింది ఐదేళ్ల తర్వాతి సంగతి.

2001 డ్రాఫ్ట్ చూద్దాం. ఆ ఏడాది అట్టడుగున నిలిచిన జట్టు ఫ్రీమాంటిల్. అక్కడ వంతులను మార్చుకోవచ్చు. ఇద్దరు ఆటగాళ్ల కోసం ఆ క్లబ్బు తన 1, 20, 36వ వంతులను హాథార్న్‌కు ఇచ్చేసింది. మొదటి వంతులో హాథార్న్ ల్యూక్ హాడ్జ్‌ను తీసుకుంది. 36వ వంతులో తీసుకున్నది శామ్ మిచెల్‌ను. పొడగరి కాడు, వేగం తక్కువని పేరు. అంతకుముందు ఏడాది డ్రాఫ్ట్‌లో అతన్ని ఏ క్లబ్బూ తీసుకోలేదు.

2008లో హాథార్న్ గ్రాండ్ ఫైనల్ గెలిచింది. కెప్టెన్ ఎవరో తెలుసా? 36వ పిక్ మిచెల్. ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడి పతకం మొదటి పిక్ హాడ్జ్‌కు దక్కింది. తర్వాత 2013, 2014, 2015లో వరుసగా మూడు కప్పులు గెలిచినప్పుడు హాడ్జ్ కెప్టెన్, మిచెల్ అతని పక్కన ఆడాడు. అదే డ్రాఫ్ట్‌లో 58వ వంతులో కాలింగ్‌వుడ్ తీసుకున్న డేన్ స్వాన్ 2003లో గానీ తొలి మ్యాచ్ ఆడలేదు. 2011లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం గెలిచాడు.

ఇక్కడే మనం వ్యాసాల్లో ఒక పొరపాటు చేస్తాం. "కాబట్టి పరీక్షలన్నీ దండగ" అని తేల్చేస్తాం. అది నిజం కాదు. హాడ్జ్‌ను మొదట ఎంచుకోవడం తప్పేమీ కాదని నాలుగు కప్పులు చెబుతున్నాయి. పైగా చివరి వంతుల్లో వచ్చినవాళ్లందరూ స్వాన్‌లు కాలేదు. గెలిచినవాడి కథ ఒక్కటే చెప్పి సూత్రం చేస్తే దిద్దేవారు అక్కడే గీత గీస్తారు.

నేను గ్రహించింది ఇది: పరీక్ష ఎంత మంచిదైనా కొందరిని వదిలేస్తుంది. కనుక మంచి వ్యవస్థ రెండో తలుపు తెరిచి ఉంచుతుంది. అక్కడ డ్రాఫ్ట్‌లో మిగిలిపోయినవాళ్లు రాష్ట్ర లీగుల్లో ఆడుతూ ఉండొచ్చు. 2019లో సీజన్ మధ్యలో జరిపే డ్రాఫ్ట్‌ను మళ్లీ తెచ్చారు. పశ్చిమ ఆస్ట్రేలియా లీగులో ఆడుతున్న 27 ఏళ్ల మార్లియన్ పికెట్‌ను ఆ దారిలోనే రిచ్‌మండ్ తీసుకుంది. అతని తొలి మ్యాచే ఆ ఏటి గ్రాండ్ ఫైనల్. రిచ్‌మండ్ గెలిచింది.

ఇక నా తప్పు. అశోక్‌నగర్‌లో నేను చేరిన ఒక కోచింగ్ సంస్థలో మొదటి వారమే పరీక్ష పెట్టి మూడు బ్యాచ్‌లు చేశారు. నేను మూడోదానిలో పడ్డాను. మా కాపీలు చివర దిద్దేవారు, కొన్నిసార్లు దిద్దేవారే కాదు. ఆ కోపం నాకు చాలాకాలం ఉంది. ఇప్పుడు రెండు మెయిన్స్ రాసిన అనుభవంతో నేను జూనియర్ల జవాబులు దిద్దుతున్నాను. కిందటి ఏడాది శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక చెల్లెలు వ్యాసం పంపింది. పరిచయం లేదు, పేరాకు పేరాకు పొంతన లేదు. ఎర్ర పెన్నుతో రెండు ముక్కలు రాసి పక్కన పెట్టాను. "ఈ అమ్మాయికి కష్టమే" అని నా స్నేహితుడితో అన్నాను కూడా.

రెండు నెలల తర్వాత ఆమె పన్నెండు వ్యాసాలు ఒక కట్టగా తెచ్చింది. "అన్నా, మీరు రాసిన రెండు మాటలు పట్టుకుని ఇవి రాశాను. వీలుంటే చూడండి" అంది. ఒకటో వ్యాసం, పన్నెండో వ్యాసం పక్కపక్కన పెట్టుకున్నాను. పన్నెండోది గొప్పగా ఉందని చెప్పను. కానీ ఆ రెండింటి మధ్య దూరం నేను రెండేళ్లలో నడిచినంత ఉంది. నేను దిద్దింది ఒక కాపీని. తీర్పు చెప్పింది మాత్రం మనిషి మీద. నన్ను మూడో బ్యాచ్‌లో వేసినవాళ్లకీ నాకూ తేడా ఏముంది?

ఆమెకు ఇంకా ర్యాంకు రాలేదు. నాకూ రాలేదు. కానీ ఇప్పుడు ఎవరి కాపీ దిద్దినా, వాళ్ల పాత కాపీ కూడా అడిగి తీసుకుని రెండూ కలిపి చదువుతున్నాను.

రేపు మనలో కొందరు కుర్చీలో కూర్చుంటాం. స్కాలర్‌షిప్ ఎవరికివ్వాలి, ఏ హాస్టల్ పిల్లలను శిక్షణకు పంపాలి అని జాబితాలు మన ముందుకొస్తాయి. జాబితా వేయక తప్పదు. వేసిన తర్వాత, అందులో లేని 36వ పేరు మళ్లీ రావడానికి దారి ఉంచామా అని చూసుకోవాలి.

ఈ వారం ఈ అంశంపై మీరూ వెయ్యి పదాల్లో రాయండి. మీ మొదటి కాపీ పారేయకండి. రెండోది రాశాక రెండూ కలిపి పంపండి.