కొసరు చేప



పెందుర్తిలోని మా ఇంటికి ప్రతి శనివారం ఒక తల్లి చేపల తట్టతో వచ్చేది. కానాగంతలైనా, రొయ్యలైనా ఆమె వద్దనే కొనేవాళ్లం. వాటాకు పది రూపాయలు తగ్గించమని గీచి గీచి బేరమాడి, పైగా ఒక చేప కొసరు వేయించుకునేవాళ్లం. అది మాకు తప్పుగా తోచలేదు.

పులుసు పెట్టడం నేర్పింది కూడా ఆమే. మట్టిచట్టిలో ఉల్లిముద్ద నూనె తేలేదాకా వేగాలి. చింతపండు పులుసు పోసి, అది బాగా మరిగాకే చేపలు, చివర రొయ్యలు వేయాలి. "గరిటె పెట్టకండమ్మా, ముక్క ఇరిగిపోద్ది. గుడ్డతో పట్టుకుని సట్టినే తిప్పండి" అనేది.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో మంటలు లేచి 30కి పైగా మరపడవలు కాలి దెబ్బతిన్నాయి. ఆమె పెనిమిటి కలాసీగా వెళ్లే పడవ అందులో ఉన్నదట. రెండు శనివారాలు ఆమె రాలేదు. మూడో శనివారం తట్ట అడుగున కాసిని చేపలతో వచ్చింది. బేరం లేకుండా అడిగిన డబ్బు ఇచ్చాం. ఆమె అలవాటు చొప్పున ఒక చేప ఎక్కువ వేసింది. వద్దంటే, "మీకెప్పుడూ ఏసేదే కదమ్మా" అంది. సిగ్గుతో మాకు మాట రాలేదు.

ఆ పూట ఆమెను కూర్చోబెట్టి, పులుసు దించి, కలిసి భోంచేశాం. రాత్రంతా శ్రమపడి ఒడ్డుకు వచ్చిన శిష్యులకు ప్రభువు నిప్పులమీద చేప సిద్ధపరచిన సంగతి ఎన్నోసార్లు ప్రసంగించాం. జాలరివారికి మేము వడ్డించింది మాత్రం ఆనాడే మొదటిసారి.