జనవరిలో గేట్లెవరు ఎత్తార్రా?

అమెరికాలో పిల్లల్ని బడికి పంపే తల్లిదండ్రులకు కాగితాల మీద సంతకాలు పెట్టడం ఇంకో ఉద్యోగం. 2024 మార్చిలో, అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అలాంటి కాగితాల కట్ట ఒకటి తెచ్చి నా ల్యాప్‌టాప్ మీద పెట్టింది. క్లాసు క్లాసంతా మూడు రోజులు వాషింగ్టన్ యాత్రకి వెళ్తారట. ఏ రోజు ఏం చూస్తారు, బస్సులో ఏం తినకూడదు, వేరుసెనగలు పడని పిల్లలకి ఏం జాగ్రత్తలు, మందులు ఎవరి దగ్గర ఉంటాయి... మొత్తం నాలుగు పేజీలు! నేను ఆఫీసులో రాసే ప్రాజెక్టు ప్లాన్లు కూడా అంత వివరంగా ఉండవు. అన్నిటికన్నా చివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. డబ్బు కట్టడం కష్టమైతే కౌన్సెలర్‌కి ఒక మాట చెప్పండి, విషయం బయటికి పొక్కదు అని దాని సారాంశం.

సంతకం పెట్టి ఇచ్చేశాను. కానీ ఆ చివరి వాక్యం నన్ను వదల్లేదు. తిన్నగా 1995 జనవరికి, మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకి తీసుకెళ్ళి వదిలింది.

మాది పిడుగురాళ్లకి దగ్గర్లో ఒక ఊరు. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. చుట్టూ సున్నపు బట్టీలు. ఎండ సంగతి అడగొద్దు. మాకు కాస్త దూరంలో ఉన్న రెంటచింతల పేరు వేసవి వచ్చిందంటే రేడియో వార్తల్లో వినపడాల్సిందే. బడిలో నాలుగు పెంకుటి గదులు, ఒక రేకుల షెడ్డు, మధ్యలో వేపచెట్టు. ఆ చెట్టుకి వేలాడే రైలు పట్టా ముక్కే మా గంట. దాన్ని కొట్టే అవకాశం కోసం మేము పడ్డ పోటీ తరువాత ఏ ఉద్యోగానికీ పడలేదు.

మన పిల్లలు ఇక్కడ రోజూ పొద్దున్నే గుండె మీద చెయ్యి వేసుకుని జెండాకి చెప్పే ప్రతిజ్ఞ లాంటిదే మాకూ ఉండేది, చెయ్యి ముందుకి చాచి. దాన్ని 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులోనే రాశారు. నల్గొండ జిల్లా వారు. ఆ తరువాత అది దేశ భాషలన్నిటిలోకీ వెళ్ళింది. పదేళ్ళు రోజూ ఆ ప్రతిజ్ఞ చేసిన నాకు ఈ సంగతి అమెరికా వచ్చాక గానీ తెలియలేదు!

పండగలంటే మా బడికి రెండే రెండు. ఒకటి ఆగస్టు 15. ముందు రోజు సాయంత్రం మైదాపిండి ఉడికించి జిగురు కాచి, పురికొసకి రంగు కాగితాలు అంటించేవాళ్ళం. జిగురు సగం కాగితాలకి, సగం చొక్కాలకి. రెండోది స్వపరిపాలన దినం. ఆ రోజు పదో తరగతి వాళ్ళే అయ్యవార్లు. ఆడపిల్లలు అమ్మల చీరలు కట్టుకుని, మగపిల్లలు నాన్నల పంచెలు బిగించి వచ్చేవాళ్ళు. ఎవరికి ఏ పాఠం వచ్చో చూసి కాదు, ఎవరింట్లో ఇస్త్రీ బట్టలున్నాయో చూసి హెడ్మాస్టరు వేషం ఇచ్చేవారు. మా అమ్మాయి బడిలో 'స్పిరిట్ వీక్' అని ఉంటుంది. ఒక రోజు నైట్ డ్రెస్సుల్లో, ఒక రోజు కాలికో రంగు మేజోడుతో వెళ్తారు. మా స్వపరిపాలన దినం గురించి చెబితే, "మీ టీచర్లు ఆ రోజు ఏం చేసేవాళ్ళు నాన్నా?" అని అడిగింది. వేపచెట్టు కింద కూర్చుని వేరుసెనక్కాయలు తినేవారు. పడనివాళ్ళెవరూ ఉన్నట్టు గుర్తులేదు.

ఇక విహారయాత్ర. పదో తరగతి వాళ్ళకి సంక్రాంతి సెలవుల తరువాత ఒక ఆదివారం నాగార్జునసాగర్. ఆర్టీసీ స్పెషల్ బస్సు, మనిషికి 60 రూపాయలు, పులిహోర ఎవరింటి నుంచి వాళ్ళే. క్లాసు లీడర్ని నేను కాబట్టి డబ్బులు వసూలు చేసి పుస్తకంలో రాయడం నా పని. నా బెంచీలోనే కూర్చునే స్నేహితుడు ఒకడుండేవాడు. (పేరు రాయనా అని ఫోన్లో అడిగితే, "రాస్తే మా ఆవిడ చదువుద్దిరా, ఇంట్లో ఉండాల్సింది నేను" అన్నాడు. అందుకని రాయడం లేదు.) వాళ్ళ నాన్నది బట్టీలో రాయి కాల్చే పని. వాడి దగ్గర 60 రూపాయలు ఉండవని నాకు తెలుసు. అడిగితే చిన్నబుచ్చుకుంటాడులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అడగడం నాకే ఇబ్బందిగా ఉంది. శుక్రవారం సోషల్ మాస్టారు లెక్క తేల్చమన్నారు. డబ్బు కట్టని ఏడుగురి పేర్లూ ఎర్ర పెన్నుతో కొట్టేసి పుస్తకం ఇచ్చేశాను. ఏడుగురిలో ఒక్కరినీ అడగలేదు.

ఆదివారం తెల్లవారుజామున బస్సు బయల్దేరబోతుంటే ఆ ఏడుగురిలో ఒకడు వాళ్ళమ్మతో వచ్చి నిలబడ్డాడు. ఆవిడ మాస్టారితో ఏదో చెప్పింది. మాస్టారు మారుమాట లేకుండా "ఎక్కరా" అన్నారు. వాడి డబ్బు ఆయనే కట్టుకున్నారని తరువాత తెలిసింది. బస్సు కదిలాక ఖాళీ సీట్లు చూసి, "ఇంకో ఇద్దరు ముగ్గురు పట్టేవాళ్ళు కదరా, ఎవరూ అడగలేదే!" అన్నారు నాతో. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

గురజాల దాటిన దగ్గర్నుంచి మాస్టారు పల్నాటి యుద్ధం అందుకున్నారు. నాగమ్మ, కోడిపందెం, ఆ తరువాత మాచర్ల చెన్నకేశవస్వామి గుడి దగ్గర బస్సు ఆపి, అన్ని కులాల వాళ్ళనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు గురించి చెప్పారు. నాకు ఆ కథ ఎప్పుడూ నచ్చేది. ఆ రోజు మాత్రం త్వరగా అయిపోతే బాగుండనిపించింది.

ఎత్తిపోతల చూశాం. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు. అక్కడి నుంచి విజయపురి సౌత్, అక్కడ లాంచీ. నీళ్ళ మధ్యలో నాగార్జునకొండ. పిల్లలకి ఒక మాట చెప్పాలి: ఆ కొండ మొదట్లో ద్వీపం కాదు. దాని చుట్టూ ఒక లోయ, అందులో మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేవి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు ఆనకట్టకి పునాది వేశారు. నీళ్ళొస్తే లోయంతా మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిలో ముఖ్యమైనవి కొండ మీదికి, ఒడ్డునున్న అనుపుకి తరలించి మళ్ళీ కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలవలకి నీళ్ళు వదిలారు. మా ఊరి పొలాల్లో వరి పండింది ఆ తరువాతే.

కొండ మీద మ్యూజియంలో తెల్లగా, కాస్త ఆకుపచ్చ జీరతో ఉన్న శిల్పాలు చూపించి మాస్టారు, "ఇది ఏం రాయో తెలుసా? పల్నాటి సున్నపురాయి. మీ ఊళ్ళో బట్టీలో కాల్చేది ఈ జాతి రాయే" అన్నారు. ఈ మాట వినాల్సినవాడు ఊళ్ళో ఉండిపోయాడు.

సోమవారం తెలుగు మాస్టారు 'మీరు చేసిన విహారయాత్ర' అని వ్యాసం రాయమన్నారు. వెళ్ళనివాళ్ళు కూడా రాయాల్సిందేనట. "పబ్లిక్‌లో వస్తే మేము వెళ్ళలేదండీ అని వదిలేస్తార్రా?" అన్నారు. మావాడు ఇంటర్వెల్ అంతా మా చుట్టూ తిరిగి వివరాలు కనుక్కుని రాశాడు. క్లాసులో అందరికంటే బాగా వచ్చిన వ్యాసం వాడిదే! మాస్టారు పైకి చదవడం మొదలుపెట్టారు. లాంచీలో డీజిల్ వాసన, గాలికి ఎగిరిన సోషల్ మాస్టారి కండువా, రాతి బుద్ధుడి మొహం, అన్నీ ఉన్నాయి. చివర ఆనకట్ట. ఇరవయ్యారు గేట్లూ ఎత్తారనీ, నీళ్ళు పాల పొంగులా దూకుతుంటే తుంపర్లకి తన చొక్కా తడిసిపోయిందనీ రాశాడు. మాస్టారు పుస్తకం దించి, "జనవరిలో గేట్లెవరు ఎత్తార్రా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. పదో తరగతి అయిపోయేదాకా వాడి పేరు 'గేట్లు'.

ఆ మార్చి పోయి పరీక్షలు, ఇంటర్, ఇంజనీరింగ్, ఇక్కడికొచ్చి ఎమ్మెస్. మీ అందరి కథే కాబట్టి వివరాలు వద్దు. వాడు ఇంటర్‌తో ఆపేసి లారీ క్లీనరుగా చేరి, డ్రైవరై, ఇప్పుడు సొంతంగా ట్యాక్సీ నడుపుతున్నాడు. 2024 ఆగస్టులో కుటుంబంతో ఊరెళ్ళినప్పుడు కారు కోసం అమ్మ ఎవరికో ఫోన్ చేసింది. కాసేపటికి నాకు ఫోన్. "ఒరేయ్, గేట్లుని మాట్లాడుతున్నా!"

దిగిన మూడో రోజు పిల్లల్ని మా బడికి తీసుకెళ్ళాను. రేకుల షెడ్డు లేదు. గచ్చు, బల్లలు, గోడల రంగులు, అన్నీ కొత్తవే. వేపచెట్టు ఉంది, రైలు పట్టా లేదు, కరెంటు గంట పెట్టారు. ఆరుబయట పిల్లలు ఆగస్టు 15కి డ్రిల్లు చేస్తున్నారు. మావాడి కొడుకు అక్కడే తొమ్మిదో తరగతి. వాడి పాఠ్యపుస్తకం చూసి మా అమ్మాయికి భలే సరదా వేసింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ అదే పాఠం ఇంగ్లీషు. వాడు ఇంగ్లీషు పేజీ చదివితే ఇది తెలుగు పేజీ కూడబలుక్కుంటూ చదివింది. ఎవరి తప్పులు ఎవరు ఎక్కువ పట్టుకున్నారో చెప్పను, మా అమ్మాయి ఈ పత్రిక చదువుతుంది.

ఆ వారంలోనే సాగర్ గేట్లు ఎత్తారు. పైనుంచి వరద వచ్చి జలాశయం నిండు మట్టం 590 అడుగులకి దగ్గర పడిందని టీవీలో ఒకటే హడావుడి. మర్నాడే మావాడి కారులో అందరం బయల్దేరాం, వాడి కొడుకుతో సహా. మాచర్ల దాటాక కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు, తిరణాలే అనుకోండి. ఆనకట్టకి దిగువనున్న వంతెన దగ్గర దిగాం. 409 అడుగుల ఎత్తున్న రాతికట్టడం మీదుగా నీళ్ళు దూకుతున్నాయి. మాట వినపడటం లేదు. ఎన్ని గేట్లు ఎత్తారో లెక్కపెట్టాలని మా అమ్మాయి రెండుసార్లు మొదలుపెట్టి తుంపర్లలో వదిలేసింది. అమ్మ దండం పెట్టుకుంది. మావాడు నా పక్కకొచ్చి చెవిలో అరిచాడు: "చూడరా, నేను రాసినట్టే లేదూ?"

వాడి చొక్కా తడిసింది. నాదీ.

అక్కడ మాట్లాడే వీలు లేదు. లాంచీకి అమ్మ ఒప్పుకోలేదు, "ఇంత నీళ్ళల్లోనా?" అంది. (మీరు వెళ్ళేటట్లయితే కొండ మీద మ్యూజియానికి శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి.) రోడ్డు మీదుగా అనుపు వెళ్ళాం. అక్కడ లోయలోంచి తెచ్చి మళ్ళీ కట్టిన రంగస్థలం ఉంది. నాలుగు వైపులా మెట్లు, మధ్యలో ఆట స్థలం. ఇద్దరు పిల్లలూ పై మెట్టు మీద ఒకరు, కింద ఒకరు నిలబడి చప్పట్లు కొట్టి ఎలా వినపడుతుందో చూస్తున్నారు. నేను, వాడు మధ్య మెట్టు మీద కూర్చున్నాం. ఇరవై తొమ్మిదేళ్ళుగా మనసులో ఉన్నది అప్పుడు చెప్పాను. పుస్తకం, ఎర్ర పెన్ను, బస్సులో ఖాళీ సీట్లు.

వాడు కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నువ్వు అడుగుంటే డబ్బుల్లేవని చెప్పేవాణ్ణి. అదేం కొత్త మాట కాదు కదరా మా ఇంట్లో" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మాచర్లలో టీ తాగడానికి ఆగాం. మా అమ్మాయి వెనక సీట్లోంచి అంతా వింటూనే ఉందని నాకప్పుడు తెలిసింది. పిల్లలకి దాచుకోవడం రాదు. "బాబాయ్, ఆ రోజు మీకు బాధేసిందా?" అని సూటిగా అడిగేసింది.

"బాధెందుకు తల్లీ? ఆ ఆదివారం బట్టీకి పోయా. పదిహేను రూపాయలిచ్చారు. రాత్రికి పిడుగురాళ్లలో సినిమా చూశా" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, తాళాలు తీసుకుని, నా వైపు చూడకుండా, "కాకపోతే ఆ పుస్తకం నేను చూశానమ్మా. మిగతా ఆరుగురికీ ఒక్కొక్క గీత. నా పేరు మీద మీ నాన్న రెండు గీశాడు. ఒకటి సరిపోయేది" అన్నాడు.

కారు బయల్దేరింది. గురజాల వచ్చేదాకా పిల్లలిద్దరూ వాషింగ్టన్ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. అక్కడ లాంచీ ఉంటుందా అని వాడి కొడుకు అడుగుతున్నాడు.