వేడి మీద స్టార్టయితేనే

పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్టవడం గొప్ప కాదు. యాభై కిలోమీటర్లు పోయి, ఎండలో బండి ఆపి, చాయ్ తాగి వచ్చి మళ్లీ కిక్ మీద కాలు వేసినప్పుడు ఏమవుతుందన్నదే అసలు పరీక్ష. మా పెదనాన్న బుల్లెట్ ఆ పరీక్షలోనే తప్పుతూ వచ్చింది. ఏపీ 24 నంబరుతో నల్లగొండ జిల్లా అంతా తిరిగిన బండి అది. ఆయన పోయాక సామాన్ల కొట్టంలో ఉండిపోయింది. పాలమూరులో ఉన్న ఆయన కొడుకు, మా అన్న, బండి తనకు కావాలన్నాడు. ట్రాలీలో వేసి పంపమన్నారు ఇంట్లో అందరూ. నడుపుకుంటూ పోతేనే అది బాగైందో లేదో తేలుతుందని నేను పట్టుబట్టాను.

ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో మొదట తెచ్చిన భాగాలను బిగించేవారు, తర్వాత వాటినీ మన దేశంలోనే తయారుచేశారు. రెడ్డిచ్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా మద్రాసులో బుల్లెట్ పోత ఇనుము ఇంజన్ దశాబ్దాలు బతికింది. సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం 90. ఆ పొడవాటి నడక వల్లే తక్కువ స్పీడులోనూ గట్టిగా లాగుతుంది. గుట్టలు, మొరం బాటలు, ఎప్పుడో ఒక బస్సు వచ్చే మా ఊళ్లకు కావాల్సింది అలాంటి బండే.

అయితే సిలిండర్ ఒక్కటే. నాలుగు సిలిండర్ల కారు ఇంజన్ ఒక్క చుట్టు తిరిగితే రెండుసార్లు మండుతుంది. దీనికి రెండు చుట్లకు ఒక్కసారే. అంటే ఒక కిక్కుకు దొరికే అవకాశం దాదాపు ఒక్కటే, ఆ ఒక్కసారీ నిప్పు సరిగ్గా పడాలి. బలం ఉన్నవాడు కొడితే స్టార్టవుతుందనుకోవడం ఉత్త మాట.

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద ఒక పాత షెడ్డు ఉంది. అక్కడి ఉస్తాద్ బండిని చూసి పానా ముట్టలేదు. "వేడి చేసుకొని రాపో బిడ్డా. సల్లగున్నప్పుడు రోగం దాచుకుంటది" అన్నాడు. తిరిగొచ్చి ఆపాను. ఇక ఎంత కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. ఆయన కిక్‌ను చేత్తో మెల్లగా నొక్కాడు. "టాపెట్లు బిగుసుకుంటే వేడికి వాల్వు పూరా మూసుకోదు, కిక్ ఖాళీగ దిగుతది. ఇది అడ్డుకుంటున్నది. కంప్రెషన్ మంచిగున్నది. కరెంట్ సూద్దాం."

ప్లగ్ ఊడదీసి ఇంజన్‌కు ఆనించి కిక్ కొడితే సన్నటి పసుపు నిప్పు. షట్టరు సగం దించి చీకటి చేసి, పాయింట్ల మూత తీసి మళ్లీ కొట్టమన్నాడు. ఈసారి పాయింట్ల మధ్య నీలంగా, ప్లగ్ దగ్గరికంటే పెద్ద మెరుపు. "అగ్గి ఆడ పుట్టాలె, ఈడ పుడుతున్నది. కండెన్సర్ పోయింది."

పాయింట్లు విడిపోయే క్షణంలో అక్కడికి ఉరికొచ్చే కరెంటును కండెన్సర్ తనలోకి తీసుకోవాలి. అప్పుడే కాయిల్‌లోని అయస్కాంత శక్తి ఒక్కసారిగా కూలి ప్లగ్ దగ్గర గట్టి నిప్పు పుడుతుంది. కండెన్సర్ పాతబడితే కరెంటు ఆ సందులోనే దూకి పాయింట్లను కాల్చేస్తుంది, ప్లగ్‌కు మిగిలేది తక్కువ. వేడెక్కే కొద్దీ అది మరీ మొరాయిస్తుంది. అరగంట చల్లారితే మళ్లీ పనిచేస్తుంది. బండి బాగైందని అందరూ అనుకునేది ఆ అరగంట తర్వాతే.

కండెన్సరూ పాయింట్లూ రెండూ మార్చాడు. ఫీలర్ గేజ్‌తో సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టాడు. టైమింగ్ సరిచూశాడు. ఇంజన్ పూర్తిగా చల్లారాక టాపెట్లు చూశాడు: పుష్‌రాడ్ పైకీ కిందికీ ఆడకూడదు, వేళ్లతో తిప్పితే మాత్రం హాయిగా తిరగాలి. ఎండిన పెట్రోలు జిగురుతో మూసుకుపోయిన స్లో జెట్‌ను కడిగాడు. ఏళ్లుగా క్రాంక్ గదిలోకి జారి నిలిచిన ఆయిల్ దించేశాడు. చివరికి నాకు కిక్ నేర్పాడు. తాళం తిప్పితే అంపియర్ మీటరు సూది ఎడమకు వాలుతుంది. కిక్ అడ్డుకునే చోటు దాకా మెల్లగా దించాలి. డీకంప్రెషర్ లివర్ పట్టుకొని ఇంకాస్త నెట్టాలి. లివర్ వదిలి, కిక్‌ను పైకి రానిచ్చి, అప్పుడు చివరిదాకా ఒకే ఊపులో దించాలి. "జోర్ కాదు, జాగ సూసి కొట్టాలె."

శివరాత్రి దాటిన రోజులు. తెల్లవారుజామున బయలుదేరి కనగల్, గుర్రంపోడు మీదుగా పోయాను. దారి పొడవునా బత్తాయి తోటలు, మధ్యమధ్య బండరాళ్ల గుట్టలు, వాటి అంచుల్లో ఎర్రగా మోదుగులు. గంటకు యాభై దాటించలేదు, దాటించాలని అనిపించలేదు కూడా. ఆ వేగంలో ఇంజన్ దెబ్బ ఒక్కొక్కటీ విడిగా వినపడుతుంది, ఏది తేడా కొట్టినా తెలుస్తుంది.

దేవరకొండ దగ్గర ఆగాను. పద్మనాయక రాజుల కోట గుట్టల మీద నుంచి కనపడుతోంది. ఎక్కి చూడాలని ఉన్నా ఆరోజు నా ధ్యాస అంతా ఇంజన్ మీదే. చాయ్ తాగి, ఇంజన్ ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండగానే సూది చూసి కొట్టాను. వెంటనే అందుకుంది. హోటల్ ముందు కూర్చున్న ముసలాయన "ఏ సంవత్సరం బండి పటేలా?" అని లేచొచ్చి ట్యాంకు నిమిరాడు. తాను కుర్రాడిగా ఉన్నప్పుడు ఇలాంటి చప్పుడు వినపడితే ఎస్సై వస్తున్నాడని ఊరంతా సర్దుకునేదట.

డిండి దాటాక బండి నీరసించి, దగ్గి, ఆగిపోయింది. మళ్లీ కండెన్సరే అని గుండె జారింది. ఉస్తాద్ చెప్పిన వరుసే పట్టుకున్నాను. కిక్ అడ్డుకుంటోంది. ప్లగ్ తీసి చూస్తే నిప్పు నీలంగా, లావుగా ఉంది. అంటే కరెంటు కాదు. ప్లగ్ కొస పొడిగా ఉంది, పెట్రోలు అందడం లేదు. ట్యాంకు మూత విప్పగానే స్‌స్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. మూతకున్న గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయింది. గాలి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. పిన్నీసుతో ఆ రంధ్రం పొడిచి, కాక్ తిప్పి కొట్టాను. లేచింది. రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడి రోగాన్ని వేలు పెట్టి చూపగలిగినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కల్వకుర్తిలో ఎండ మాడ్చేస్తోంది. అన్నం తినడానికి ఆగి, బండిని కావాలనే ఎండలో పెట్టాను. వచ్చి కొడితే సునాయాసంగా అందుకుంది. మిడ్జిల్ దారంతా పల్లీ చేలు, కోతలైన పత్తి కట్టెలు. జడ్చర్లలో హైవే లారీల మధ్య ఆపి మరోసారి పరీక్షించాను. అక్కడి నుంచి పాలమూరు ఎంతో దూరం లేదు.

ఇల్లు చేరగానే అన్న తాళం అందుకోబోయాడు. ఇవ్వలేదు. రాత్రంతా చల్లారనిచ్చి, తెల్లవారి ఆయనతోనే సూది చూపించి కొట్టించాను. పెద్దమ్మ గడపలో నిలబడి "మీ నాయన గిట్లనే లివర్ పట్టుకునేటోడు" అంది. అన్న మన్యంకొండ దాకా పోయొద్దామన్నాడు.

"నడుమల ఆగితే?" అని అడిగాడు వెనక కూర్చున్న నన్ను.

"ముందు కిక్ చేత్తో నొక్కి చూడు. తర్వాత ప్లగ్ తియ్యి. తడిగా ఉంటే కరెంట్ చూడు, పొడిగా ఉంటే ట్యాంకు మూత విప్పు" అన్నాను. గేరు వేశాడు.