మా జీపు మిస్సింగ్

మా తండా నిజాంసాగర్ దగ్గర. మా బాపుకు పాత మహీంద్రా డీజిల్ జీపు ఉన్నది. చెరుకు నరికే కూలీలను అందులోనే తీసుకపోతడు. సంక్రాంతి సెలవులకు నేను పోయేసరికి అది మిస్సింగ్ కొడుతున్నది. ఇంజన్ వణుకుతుంది, తెల్లపొగ వస్తుంది, ఎత్తు ఎక్కదు. ఒక మెకానిక్ చూసి ఇంజన్ మొత్తం విప్పాలన్నాడు. అన్ని పైసలు లేవు. బాపు జీపు అమ్ముదామన్నడు. చెరుకు సీజనులో జీపు అమ్మితే ఏం తింటాం?

మా కాక బోధన్‌లో లారీల పని నేర్చినోడు. "ముందు ఏ సిలిండర్ పనిచేస్తలేదో చూద్దాం" అన్నడు.

నాలుగు సిలిండర్ల మీద నేను సుద్దముక్కతో 1, 2, 3, 4 అని రాసిన. ఇంజన్ నడుస్తుండగానే కాక ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును పానాతో కొంచెం వదులు చేసిండు. డీజిల్ అందకపోతే ఆ సిలిండర్ మండదు, చప్పుడు పడిపోవాలె. 1, 3, 4 లకు పడిపోయింది. 2 కు ఏమీ మారలేదు. అంటే అది ముందునుంచే మండుతలేదు. అక్కడ చెయ్యి పెట్టొద్దు, డీజిల్ చర్మంలోకి దూరుతది. కొత్త బండ్లకైతే ఇట్లా అసలే చేయొద్దు, వాటి ప్రెషర్ చాలా ఎక్కువ.

తప్పు నాజిల్‌దా, లోపల వాల్వుదా? ఇంజన్ ఆపి, 2 నాజిల్ 3 కు, 3 ది 2 కు పెట్టినం. మళ్లీ చూస్తే ఈసారి 3 మండుతలేదు! తప్పు నాజిల్‌తోనే పోయింది. బాపుకు చదువు రాదు గాని ఆ చప్పుడు తేడా నాకన్న ముందు ఆయనకే తెలిసింది.

బాన్సువాడల ఒక్క నాజిల్ కొన్నం. జీపు అమ్మలేదు. పాత నాజిల్ నా పెట్టెలో ఉన్నది, చూడాలనుకున్నోళ్లు అడగండి.