సిర్కెజిలో అబ్బాజాన్ కెమెరా

ఇస్తాంబుల్ వెళ్లినవారు తివాచీలో, రంగు దీపాలో, మిఠాయి పెట్టెలో కొని తెచ్చుకుంటారు. మేము మాత్రం ఒక పాత వస్తువును వెంటబెట్టుకొని ఆ నగరానికి వెళ్లాము. అబ్బాజాన్ కువైట్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్న యాషికా ఎలక్ట్రో 35 కెమెరా అది. నెల్లూరులోని మా ఇంట్లో, తోలు సంచిలో, పదిహేనేళ్లుగా పలుకు లేకుండా పడి ఉంది.

మా చిన్ననాటి ఫోటోలన్నీ అది తీసినవే. తీసేవారు అబ్బాజాన్ గనుక వాటిలో ఆయన కనిపించేది బహు తక్కువ. ఆయన చివరి రెండేళ్ల ఫోటోలు మా సెల్‌ఫోనులో ఉండేవి. ఫోను నీళ్లలో పడిన రోజున అవీ పోయాయి. వేరేచోట దాచుకోవాలన్న తెలివి అప్పటికి మాకు లేదు. అమ్మీకి ఇప్పుడు చూపు మందగించింది, తెర మీద బొమ్మలు ఆనడం లేదు. ఉమ్రాకు బయలుదేరే ముందు ఆమె కోరినది ఒక్కటే: “చేతిలో పట్టుకొని చూసుకునే ఫోటోలు తీసుకురండి బేటా.” ఉమ్రా ముగించుకొని తిరుగు ప్రయాణంలో నాలుగు రోజులు ఇస్తాంబుల్‌లో ఆగాలని ముందే అనుకున్నాము. ఆ కెమెరాను బాగు చేయించాలి, వీలుకాకపోతే మరొకటి కొనాలి.

రీళ్లతో ప్రయాణించేవారికి ముందుగా ఒక మాట. విమానాశ్రయాల్లో కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు కడగని రీళ్లను పాడు చేస్తాయి. రీళ్లను పారదర్శకమైన సంచిలో వేసుకొని, చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడగాలి. ఇస్తాంబుల్‌లో టెర్మినల్ గుమ్మం దగ్గరే ఒకసారి, లోపల మరొకసారి తనిఖీ ఉంటుంది గనుక రెండుసార్లూ అడగాలి.

సిర్కెజి రైల్వే స్టేషను 1890 లో కట్టినది. యూరప్ నుంచి వచ్చే ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఒకప్పుడు అక్కడే ఆగేది. ఆ పరిసరాల్లోనే హయ్యాం పసాజ్ అనే కెమెరాల బజారు ఉంది. మన నాలుకకు అది ఖయ్యాం. అద్దాల వెనుక వరుసలు వరుసలుగా పాత కెమెరాలు. మా యాషికాను చూసిన మరమ్మతుదారుకు తల పూర్తిగా నెరిసింది. అక్కడివారంతా ఆయనను ‘ఉస్తా’ అని పిలుస్తున్నారు. మన ‘ఉస్తాద్’ మాటే అక్కడ తోక కత్తిరించుకుందని గ్రహించి మాకు కొంత ధైర్యం కలిగింది. ఆయన ఇంగ్లీషు, మా తుర్కీ రెండూ అంతంత మాత్రమే. మిగిలినది చేతులు మాట్లాడాయి.

ఆయన బ్యాటరీ గది తెరిచి, పచ్చగా పట్టిన చిలుమును తుడిచారు. ఈ కెమెరాకు వాడే 5.6 వోల్టుల పాదరసపు బ్యాటరీ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. చిన్న స్ప్రింగు ఆసరాతో 6 వోల్టుల బ్యాటరీ అమర్చగా ఎర్ర దీపం వెలిగింది. మా ముఖాలూ వెలిగాయి. ఆయన ముఖం మాత్రం వెలగలేదు. రీలు తిప్పే మీటను రెండుసార్లు లాగి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న ఎలక్ట్రోలో మీట లాగినప్పుడు లోపల ‘టక్’మనే శబ్దం రావాలి. మా దానిలో రాలేదు. లోపలి చిన్న రబ్బరు ముక్క కాలక్రమేణా కరిగిపోతే ఆ శబ్దం పోతుంది, దానితో వెలుతురు లెక్కా తప్పుతుంది. పై భాగమంతా విప్పి ఆ ముక్క మార్చడానికి రెండు రోజులు పడుతుందన్నారు. పాత యాషికా కొనదలచిన పాఠకులు ఆ శబ్దాన్ని చెవితో విన్న తరువాతే డబ్బు తీయాలి.

ఆ రెండు రోజులకు మాకొక కెమెరా కావాలి. మా అసలు పరీక్ష అక్కడ మొదలైంది.

ఇవన్నీ రేంజ్‌ఫైండర్ జాతి కెమెరాలు. వీటిలో లెన్స్ గుండా చూడము, పక్కనున్న కిటికీ గుండా చూస్తాము. కిటికీ నడుమ లేత పసుపు మచ్చలో ప్రతి వస్తువూ రెండుగా కనిపిస్తుంది. లెన్స్ చుట్టూ ఉన్న వలయాన్ని తిప్పుతూ పోతే రెండు బొమ్మలూ దగ్గరై ఒకటవుతాయి. అదే ఫోకస్. అద్దం ఎగిరిపడే చప్పుడు లేదు, అదురు లేదు. చట్రం వెలుపల ఎవరు వస్తున్నారో కూడా కొన్నింటిలో ముందే కనిపిస్తుంది. దూరపు పక్షులకు, అతి దగ్గరి పువ్వులకు ఇవి పనికిరావు. ఇంట్లో, వీధిలో, దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్న మనుషులకు ఇంతకన్నా అనువైనవి మేము ఎరుగము.

మాలో ఒకరికి లైకా ఎం3 మీద ఎప్పటి నుంచో మోజు. 1954 లో జర్మనీలోని వెట్‌జ్లార్‌లో పుట్టిన కెమెరా అది. ఉస్తా దానిని చేతిలో పెట్టగానే ఆ మోజు రెట్టింపయింది. కిటికీలో దృశ్యం కంటికి కనిపించినంత పెద్దదిగా, తేటగా ఉంది. ఇస్తాంబుల్ కన్ను అని పేరుపొందిన ఆరా గ్యులెర్ చేతిలో ఉన్నదీ లైకానే. గలాతా వంతెన, పడవలు, కూలీలు, పొగలో తడిసిన ఉదయాలు ఆయన ఫోటోల ద్వారానే లోకానికి తెలిశాయి. ఆయన తనను కళాకారుడనడానికి ఒప్పుకోక, పత్రికా ఛాయాగ్రాహకుడిననే చెప్పుకునేవారు. కానీ ఎం3 పెట్టె ఒక్కటే లక్ష రూపాయలకు అటూ ఇటూ పలుకుతుంది. లెన్స్ ఖర్చు వేరు. వెలుతురు కొలిచే సాధనం అందులో లేదు. కిటికీలోని గీతలు 50, 90, 135 మి.మీ. లెన్స్‌లకే గనుక, ఇంటి గదులకు కావలసిన 35 మి.మీ. వాడాలంటే వేరే ఏర్పాటు చేసుకోవాలి. ఆ గీతలు కావాలనుకునేవారికి తరువాత వచ్చిన ఎం2 మేలు. మాలో రెండోవారు అడిగిన ప్రశ్న మాత్రం వేరు: “దీనిని పిల్లల చేతికి ఇవ్వగలమా?” జవాబు ఇద్దరికీ తెలుసు. బజారు మధ్యలో కొంతసేపు మౌనంగా నిలబడ్డాము. మా మౌనాలు ఎలాంటివో దంపతులైన పాఠకులకు చెప్పనక్కరలేదు.

చివరకు లైకా ధరలో పదో వంతు కూడా లేని సోవియట్ కెమెరా జోర్కి-4 ను, జూపిటర్-8 అనే 50 మి.మీ. లెన్స్‌తో కొన్నాము. లెన్స్ నిజంగా మంచిది, ముఖాలను మృదువుగా తీస్తుంది. పెట్టె మాత్రం మొండిది. దానికి ఒక నియమం ఉంది: రీలు తిప్పిన తరువాతే షట్టర్ వేగం మార్చాలి, ముందుగా మారిస్తే లోపలి యంత్రం చెడుతుంది. షట్టర్ బట్టతో చేసినది గనుక, లెన్స్‌ను ఎండకు తెరిచి ఉంచితే సూర్యకిరణం దానికి చిల్లు పెడుతుంది. కంటి దగ్గర లోహపు అంచు కళ్లద్దాలను గీస్తుంది. కంటి పవరుకు తగినట్టు సరిచేసుకునే మీట ఉన్నది గనుక, మాలో అద్దాలు పెట్టుకునేవారు వాటిని తీసివేసి చూడవలసి వచ్చింది. ఆపైన మనిషి కనిపించినా మెట్లు కనిపించలేదు!

మరునాడు గుల్‌హానే తోటలోని ఇస్లామీ విజ్ఞాన సాంకేతిక చరిత్ర మ్యూజియం చూశాము. పరిశోధకులు ఫువాత్ సెజ్గిన్ కృషితో 2008 లో తెరిచినది. అక్కడి దృష్టిశాస్త్ర విభాగంలో బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ పరికరాల నమూనాలున్నాయి. వెయ్యేళ్ల క్రితమే ఆయన ‘కితాబుల్ మనాజిర్’లో, రెండు కళ్లు చూసే రెండు రూపాలు ఒకటిగా ఎలా కలుస్తాయో, ఎప్పుడు జంటగా కనబడతాయో చర్చించారు. మెడలో జోర్కి వేలాడుతుండగా ఆ నమూనాల ముందు నిలబడినప్పుడు కిటికీలోని పసుపు మచ్చ గుర్తుకు వచ్చింది.

అక్కడి నుంచి ఎమినొనులోని రుస్తుం పాషా మస్జిద్‌కు వెళ్లాము. వాస్తుశిల్పి సినాన్ కట్టినది. కింద దుకాణాలు, ఇరుకు మెట్లు, పైన ఒక్కసారిగా ఇజ్నిక్ పలకల నీలం. నమాజు వేళ కెమెరాను సంచిలోనే ఉంచాము. జనం వెళ్లిపోయాక, గోడకు ఆనుకొని కూర్చున్న ఒక వృద్ధుని వద్దకు వెళ్లి సైగతో అనుమతి అడిగాము. ఆయన టోపీ సరిచేసుకున్నారు, అదే అంగీకారం. లోపల వెలుతురు తక్కువ. 400 వేగం గల రీలుతో, లెన్స్‌ను ఎఫ్/2 వరకు తెరిచి, సెకనులో 30వ వంతుకు ఊపిరి బిగబట్టి తీయాలి. వెలుతురు ఇంతగా తగ్గిన చోట ఎఫ్/2.8 లెన్స్ అయితే ఫోటో కదిలిపోయేది. ఇంటి లోపలి వాడకానికి మేము ఎఫ్/2 కు తక్కువ లెన్స్‌ను ఎంచుకోము.

సాయంత్రం ఉస్కుదార్ వెళ్లే ఓడ ఎక్కాము. సులేమానియే గుమ్మటాల వెనుక సూర్యుడు దిగుతున్నాడు, పక్షులు సిమిత్ రొట్టె ముక్కల కోసం ఓడ వెంట ఎగురుతున్నాయి. తొమ్మిది ఫోటోలు తీశాము. ఓడ దిగాక చూస్తే లెన్స్ మీద మూత అలాగే ఉంది. పక్క కిటికీలో చూస్తాము గనుక మూత ఉన్న సంగతి కంటికి తెలియదు. రీలు, కడిగింపు, స్కానింగు కలిపి ఎంత తక్కువ లెక్క వేసినా వెయ్యి రూపాయలు దాటే ఈ రోజుల్లో, తొమ్మిది చీకట్ల ఖరీదు లెక్కపెట్టుకుంటూ టీ తాగాము.

మూడోనాడు ఉస్తా మా యాషికాను చెవి దగ్గర పెట్టి మీట లాగారు. టక్.

ఆ మధ్యాహ్నం రెండు కెమెరాలూ పక్కపక్కనే వాడాము. యాషికాలో లెన్స్ మార్చడం కుదరదు. 45 మి.మీ., ఎఫ్/1.7, అంతే. ఎంత తెరవాలో మనం చెబితే వేగాన్ని అది ఎంచుకుంటుంది. ఎర్ర దీపం వెలిగితే వెలుతురు ఎక్కువ, పసుపు వెలిగితే చేయి కదలకుండా చూసుకోవాలి. షట్టర్ చప్పుడు చిటికె కన్నా చిన్నది. రెండు మూడు లెన్స్‌లు మోసేవారు వాటిని మారుస్తూ ఉండగానే పిల్లల నవ్వు అయిపోతుంది. గది మొత్తం కావాలంటే 35, ముఖమే కావాలంటే 50. ఈ రెంటి నడుమ ఉన్న 45 తో ఒక అడుగు వెనక్కో ముందుకో వేస్తే సరిపోతుంది. కెనాన్ కంపెనీ కెనోనెట్ క్యూఎల్17 కూడా ఈ కోవదే. 40 మి.మీ. లెన్స్, చేతిలో ఇంకా చిన్నది. అబ్బాజాన్ కెమెరా లేకపోయి ఉంటే మేము దానినే కొనేవాళ్లము. జోర్కిని ఉస్తా కొద్దిపాటి తరుగుతో తిరిగి తీసుకున్నారు. మోజుపడిన మాలో ఒకరు ఎం3 ఉన్న అద్దం వైపు వెళ్తూ వెళ్తూ మరోసారి చూశారు. చూడనిచ్చాము.

నెల్లూరు గాలిలో తేమ ఎక్కువ. తోలు సంచిలో పెట్టిన లెన్స్‌కు బూజు పడుతుంది, అది గాజును తినేస్తుంది. అందుకే యాషికాను సంచిలోంచి తీసి, సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతైన డబ్బాలో ఉంచాము. ఇస్తాంబుల్ ఫోటోలను పెద్దవిగా వేయించి అమ్మీ చేతిలో పెట్టాము. గుమ్మటాలను తొందరగా దాటించి, రుస్తుం పాషాలోని వృద్ధుని వద్ద ఆగి, ఫోటోను కంటికి దగ్గరగా తెచ్చుకొని చాలాసేపు చూశారు. తరువాత కెమెరా ఎక్కడని అడిగారు. ఇప్పుడు రీలు ఇరవై రెండో ఫోటో దగ్గర ఉంది. అందులో ఏడు అమ్మీవి, మూడు మా చిన్నవాడు తీసినవి. ఆ మూడింటిలో మేమిద్దరమూ ఉన్నాము.