ఈసీలో కనిపించని అప్పు

తీయించాల్సిన కాగితాలన్నీ ఆయన తీయించారు. 30 ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు, పన్ను రసీదులు. ఈసీలో ఒక్క మచ్చ లేదు. అసలు పత్రాలు ఇల్లు మారేటప్పుడు పోయాయని అమ్మినాయన చెబితే సర్టిఫైడ్ నకళ్లతో సరిపెట్టుకున్నారు. రిటైర్మెంటు డబ్బుతో ఫ్లాటు కొన్నారు, పాలు పొంగించారు. ఆరు నెలల తర్వాత తలుపు మీద బ్యాంకు స్వాధీన ప్రకటన అంటించి ఉంది.

పోయాయన్న పత్రాలు ఎక్కడికీ పోలేదు. బ్యాంకు బీరువాలో ఉన్నాయి. ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం నోటిఫై చేసిన పట్టణాల్లో పత్రాలు అప్పగిస్తే చాలు, తాకట్టు పూర్తయినట్టే. దానికి రిజిస్టరైన రాతకోతలు లేకపోతే ఈసీలో ఆ అప్పు కనిపించదు.

అసలు చిక్కు నోటీసు దగ్గరే. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు బాకీదారుకు 60 రోజుల గడువిస్తూ నోటీసిస్తుంది. అది అందాక బ్యాంకు అనుమతి లేకుండా ఆస్తి అమ్మకూడదు. కానీ ఆ సంగతి తెలిసేది బ్యాంకుకు, బాకీదారుకు మాత్రమే. లోకానికి చాటేది స్వాధీనం చేసుకున్నాకే. అప్పుడు రెండు పత్రికల్లో ప్రకటన రావాలి, అందులో ఒకటి స్థానిక భాషలో. వివాదం కోర్టుకెక్కితే మహారాష్ట్ర, గుజరాత్‌లలో 1939 నాటి బొంబాయి సవరణ పుణ్యమా అని దావా నోటీసును రిజిస్టర్ చేయించాలి. తెలుగు రాష్ట్రాల్లో ఆ నియమం లేదు. తెలియక కొన్నా తీర్పుకు కట్టుబడాల్సిందే.

తాకట్లను నమోదు చేయడానికి 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ వచ్చింది. రుసుము కడితే ఎవరైనా వెతకవచ్చు. 2020 జనవరి 24 నుంచి అందులో నమోదైతే జనమంతటికీ తెలిపినట్టే లెక్క. నమోదు చేయని బ్యాంకుకు సర్ఫేసీ కింద జప్తు చేసే హక్కూ లేదు. అంటే ఆ రిజిస్ట్రీ చూడని కొనుగోలుదారు ‘నాకు తెలియదు’ అంటే చెల్లదు.

ఆయన చూడలేదు, ఎవరూ చెప్పలేదు. గృహరుణం తీసుకుని ఉంటే ఆ బ్యాంకు వకీలైనా చూసేవాడు. అప్పు చేయకూడదనుకున్న జాగ్రత్తే ఆయన్ను ముంచింది. రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి 45 రోజుల గడువుంది. ఇప్పుడాయన ఫైలు పట్టుకుని అక్కడికే తిరుగుతున్నారు. అందులో అన్నిటికన్నా పైన ఉన్నది ఆ మచ్చలేని ఈసీయే.