ఆటోనగర్‌లో ఒక జిప్సీ

బెజవాడలో బెంజి సర్కిల్ దాటి పటమట మీదుగా బందరు రోడ్డున పోతే ఆటోనగర్ గేటు వస్తుంది. లోపలికి తిరగ్గానే లారీలకు బాడీలు కట్టే షెడ్లు, కమాన్ కట్టలు సరిచేసే కొలుములు, లేత్ షాపులు, పాత గేర్ బాక్సులు గుట్టలు పోసిన కొట్లు. వాటి మధ్య ఉన్న ఒక చిన్న షెడ్డు కోసం వచ్చాను. ఇంజన్ మార్చినవి, ఎత్తు లేపినవి, పెద్ద టైర్లు ఎక్కించినవి, అంటే కంపెనీ గేటు దాటినప్పటి రూపంలో లేని బళ్లు మొండికేస్తే ఇక్కడికే తెస్తారని విన్నాను. షెడ్డు నడిపే మేస్త్రి గారికి అరవై దాటాయి. ఇద్దరు కుర్రాళ్లు ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నారు.

నేను వెళ్లేసరికి షెడ్డులో ఒక జిప్సీ నిలబడి ఉంది. కైకలూరు వైపు చేపల చెరువులున్న ఒక యువకుడిది. వానాకాలం చెరువుగట్ల మీద తిరగడానికి దాన్ని మించిన బండి లేదంటాడు. ఆ మాట నిజమే, కాకపోతే ఇది మామూలు జిప్సీ కాదు. మారుతి 1985లో తెచ్చిన తొలి జిప్సీకి 970 సీసీ ఇంజన్. తర్వాత 1298 సీసీ వచ్చింది. చివరి రోజుల్లోని 16 వాల్వుల ఇంజన్ 80 హార్స్ పవర్ ఇచ్చేది. ఈ బండిలో మాత్రం అవేవీ లేవు. పాత బెలీనో సెడాన్ నుంచి తీసిన 1590 సీసీ, 94 హార్స్ పవర్ ఇంజన్ కూర్చుంది. జిప్సీ 1298 సీసీ ఇంజనూ ఇదీ సుజుకీ జీ వరస ఇంజన్లే, పెదనాన్న బిడ్డా చిన్నాన్న బిడ్డా లాంటివి. కాబట్టే ఈ మార్పిడి చాలామంది చేస్తారు. చిక్కల్లా ఏమిటంటే బెలీనోలో ఇంజన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. జిప్సీలో నిలువుగా కూర్చుంటుంది. గేర్ బాక్సు నుంచి ఒక పొట్టి షాఫ్టు బయల్దేరి, విడిగా బిగించిన ట్రాన్స్‌ఫర్ కేసుకు బలాన్ని అందిస్తుంది. అక్కడి నుంచి ఇంకో రెండు షాఫ్టులు ముందు, వెనక ఇరుసులకు పోతాయి. ఇంజన్ ఒక్కటీ మారిందని మనం అనుకుంటాం. దానితోపాటు ఫౌండేషన్ రబ్బర్లు, వైరింగు, ఫ్యాను, క్లచ్ దగ్గరి కొలతలు అన్నీ మారతాయి.

యువకుడి ఫిర్యాదులు చాలా ఉన్నాయి. గేర్లు గట్టిగా పడుతున్నాయి, రివర్సు వేస్తే గర్రుమంటోంది. క్లచ్ కేబుల్ మాటిమాటికీ పోతోంది. రాత్రి లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు పైకెక్కుతోంది, ఇంజన్ మిస్ కొడుతోంది. డెబ్భై దాటితే బండంతా వణుకుతోంది. రేడియేటర్ కొత్తది వేయించాడు, ప్లగ్గులు మార్పించాడు. బాక్సు విప్పాల్సిందేనని ఇంకెక్కడో చెప్పారట.

మేస్త్రి గారు పానా ముట్టుకోలేదు. ముందు ఆర్సీ అడిగి, అందులోని ఇంజన్ నంబరుతో బ్లాకు మీది నంబరు సరిచూశారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. కాగితం సరిగా లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర మొదలయ్యే కష్టం చిన్నది కాదు. ఇంజన్ మార్పు ఆర్సీలో ఎక్కి ఉంది. ఆయన తలూపి, సుద్దముక్క తీసుకుని నేల మీద కూర్చున్నారు.

"ఏమేం మార్పించావో వరసగా చెప్పు బాబూ. ఎంతయిందో వద్దు. దేని తర్వాత ఏది చేయించావో అది చెప్పు."

ముందు ఎత్తు లేపి 31 అంగుళాల టైర్లు వేయించాడు. ఇంజన్ ఆ తర్వాత ఏడాది. వణుకు టైర్లు వేసిన నాటి నుంచీ ఉంది. గేర్ల గొడవ, కేబుల్ గొడవ, ముల్లు ఎక్కడం, మిస్సింగు ఇవన్నీ ఇంజన్ మార్చాకే. సుద్దగీతకు ఇటు ఒకటి, అటు నాలుగు.

"చూశారుగా, ఇవి రెండు వేరు వేరు జబ్బులు. ఒకదాని మందు రెండోదానికి పోస్తే బండి బాగుపడదు," అన్నారు నాతో. ఈ ఒక్క పని, తేదీల వరసన మార్పులు రాసుకోవడం, ప్రతి షెడ్డులోనూ చేస్తే జనం డబ్బు ఎంత మిగులుతుందో అనిపించింది. మామూలు బండికి కంపెనీ పుస్తకం ఉంటుంది. ఈ లక్షణం కనిపిస్తే ఫలానా భాగం చూడమని రాసి ఉంటుంది. మార్చిన బండికి పుస్తకం లేదు. అది నడిచిన దారే దాని పుస్తకం.

తర్వాత పరీక్షలు. ఇంజన్ ఆపి ఒక కుర్రాడి చేత అన్ని గేర్లూ వేయించారు. వెన్నలో దిగినట్టు దిగాయి. ఇంజన్ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, కాసేపు ఆగి రివర్సు వేయమన్నారు. గర్రుమంది. ముందుకు పోయే గేర్లకు సింక్రో రింగులుంటాయి. అవి రెండు పళ్లచక్రాల వేగాన్ని కలిపి ఇస్తాయి కాబట్టి చిన్న లోపాన్ని కప్పిపుచ్చగలవు. ఈ బాక్సులో రివర్సుకు ఆ సాయం లేదు. క్లచ్ తొక్కాక లోపలి షాఫ్టు ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ఆ సంగతి రివర్సే ముందు చెబుతుంది. అంటే బాక్సు బాగానే ఉంది, క్లచ్ పూర్తిగా వదలడం లేదు. విప్పాలని ఎవరో చెప్పిన బాక్సు మీద నేరం అక్కడితో పోయింది.

కేబుల్ ఊడదీశారు. లోపలి తీగ మధ్యలో నల్లగా కమిలి, ప్లాస్టిక్ గొట్టం దానికి అంటుకుపోయి ఉంది. "సైలెన్సర్ వేడికి అయ్యుంటుంది" అన్నాడు పెద్ద కుర్రాడు. మేస్త్రి గారు కేబుల్‌ను వాడి చేతిలో పెట్టి, "బయటి వేడైతే ముందు ఏది కరగాలిరా?" అని అడిగారు. వాడు చూశాడు. పైతొడుగు చెక్కుచెదరలేదు. కరిగింది లోపల. అంటే వేడి తీగలోంచే పుట్టింది. తీగలో వేడి పుట్టాలంటే అందులో కరెంటు పారాలి. క్లచ్ కేబుల్‌కు కరెంటుతో పనేమిటి?

నేను ఈ షెడ్డుకు ఎందుకు వచ్చానో ఆ ప్రశ్న దగ్గర తెలిసింది. పెట్రోలు పంపు ఫ్యూజు తీయించారు, ఇంజన్ అందుకోకుండా సెల్ఫ్ మాత్రం తిరగడానికి. మల్టీమీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించారు. ఆ రెండు చోట్ల మధ్య తేడా దాదాపు ఉండకూడదు. 0.2 వోల్టు దాటితే అనుమానించాలి. మీటరు ఒకటిన్నర వోల్టుకు దగ్గరగా చూపించింది.

సెల్ఫ్ మోటరు తిరిగేటప్పుడు వందకు పైగా ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటు ప్లస్ నుంచి వచ్చి, ఇంజన్ ఒంటి గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరాలి. ఇంజన్ కూర్చున్నది రబ్బరు మీద, రబ్బరు కరెంటును పోనివ్వదు. అందుకే బ్లాకుకూ ఛాసిస్‌కూ మధ్య లావాటి ఎర్తు పట్టీ బిగిస్తారు. పాత ఇంజన్ దించినప్పుడు ఆ పట్టీ ఊడింది, కొత్తది ఎక్కించినప్పుడు దాన్ని మళ్లీ బిగించలేదు. దారి మూసుకుపోయిన కరెంటు ఇనుము దొరికిన ప్రతిచోటా తోవ వెతుక్కుంది. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, షాఫ్టులు, వాటి బేరింగులు. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ కేబుల్ లోపల్లోపల కాలింది.

ముల్లు పైకెక్కడం కూడా అక్కడిదే. వేడి కొలిచే సెన్సార్ ఎర్తు ఇంజన్ బ్లాకు, ముల్లున్న మీటరు ఎర్తు బాడీ. లైట్లు వేసినప్పుడు ఆ కరెంటంతా బక్కచిక్కిన దారిలోనే ఆల్టర్నేటరుకు తిరిగి వెళ్లాలి. రెండు ఎర్తుల మధ్య తేడా పెరుగుతుంది, ముల్లు లేని వేడిని చూపిస్తుంది. మేస్త్రి గారు థర్మోస్టాట్ గూటి మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టి చూపించారు, తొంభై డిగ్రీల దగ్గరే ఉంది. మిస్సింగుకూ ఇదే మూలం. ఇంజన్ కంప్యూటరు ఈసీయూకు సెన్సార్ల నుంచి తప్పుడు వోల్టేజీ లెక్కలు వస్తుంటే అది పెట్రోలు సరిగా ఎలా కొలుస్తుంది? యువకుడు కొత్త రేడియేటర్ వైపు చూశాడు. పాతదానిలో ఏ తప్పూ లేదు. ఇలాంటి ఖర్చు చూస్తే నాకు నిజంగా బాధ వేస్తుంది. మీటరుతో ఒక్కసారి కొలిచి ఉంటే మిగిలే డబ్బు అది.

పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, బ్లాకు నుంచి ఛాసిస్‌కు ఒకటి, బ్యాటరీ మైనస్‌కు ఒకటి, అల్లిక పట్టీలు బిగించారు. మళ్లీ సెల్ఫ్ కొడితే తేడా ఒక వోల్టులో పదోవంతు. లైట్లు వేశారు. ముల్లు కదల్లేదు.

కొత్త కేబుల్ వేసినా రివర్సు ఇంకా కొంచెం గీరింది. ఇక బాక్సు దించక తప్పలేదు, అయితే విప్పడానికి కాదు. బాక్సు లోపలి షాఫ్టు కొస ఇంజన్ వైపు పైలట్ బేరింగులో ఆనుతుంది. ఇంజన్ ఒక బండిది, షాఫ్టు ఇంకో బండిది కావడంతో కొలత కుదరక, బేరింగు బదులు లేత్ మీద కోయించిన కంచు బుష్షు కొట్టారు. అది బిగుతుగా ఉంది. షాఫ్టు కొస నీలం తిరిగి, చుట్టూ కంచు పొడి పేరుకుంది. క్లచ్ ప్లేటు వదిలినా బుష్షు షాఫ్టును పట్టుకుని తిప్పుతోంది. రెండు వీధుల అవతలి లేత్ షాపులో బుష్షు లోపలి వ్యాసం సరైన కొలతకు కోయించి తెచ్చేందుకు చిన్న కుర్రాడు షాఫ్టు కొలత కాలిపర్‌తో తీసుకుని వెళ్లాడు. కొలత కాగితం మీద రాసుకున్నాడా లేదా అని మేస్త్రి గారు గేటుదాకా వెళ్లి చూసి వచ్చారు.

వణుకు సంగతి త్వరగానే తేలింది. యూనివర్సల్ జాయింటు కోణంలో తిరిగేటప్పుడు షాఫ్టు వేగం ప్రతి చుట్టుకూ రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. రెండో కొసలోని జాయింటు అదే కోణంలో, రెండు యోకులూ ఒకే తలంలో ఉంటే ఆ హెచ్చుతగ్గు చెల్లిపోతుంది. ఎత్తు లేపినప్పుడు వెనక షాఫ్టును స్ప్లైన్ల దగ్గర విడదీసి కలిపారు. కలపడంలో కొన్ని పళ్లు తప్పాయి. అందువల్ల చెల్లాల్సిన వణుకు చెల్లకుండా మిగిలిపోయింది. సరైన పళ్లలో కూర్చోబెట్టి, ఇకముందు విప్పేవాళ్ల కోసం రెండు ముక్కల మీదా ఉలితో ఒక గాటు పెట్టారు.

కోయించిన బుష్షు వేసి బాక్సు ఎక్కించాక బండిని మహానాడు రోడ్డు దాకా తిప్పి తెచ్చారు, నేను వెనక కూర్చున్నాను. గేర్లు చప్పుడు లేకుండా పడ్డాయి. డెబ్భైలో స్టీరింగు నిలకడగా ఉంది. అయిదో గేరులో మాత్రం బండి లాగలేదు. యువకుడు అనుమానంగా చూశాడు.

"అది జబ్బు కాదయ్యా, లెక్క" అన్నారు మేస్త్రి గారు. కంపెనీ వేసిన 205/70 ఆర్15 టైరు వ్యాసం సుమారు 668 మిల్లీమీటర్లు. 31 అంగుళాలంటే 787. చక్రం 18 శాతం పెద్దదైతే ప్రతి గేరూ అంత మేర బరువెక్కుతుంది. ఇంజన్‌లో పెరిగిన బలమంతా అక్కడే ఖర్చవుతోంది. బరువు బండి కదిలే ప్రతిసారీ క్లచ్ ప్లేటు కూడా ఎక్కువ అరుగుతుంది. ఇరుసుల్లో క్రౌన్, పీనియన్ నిష్పత్తి మార్చాలి, ముందూ వెనకా రెండింటిలోనూ. లేదంటే చిన్న టైర్లకు దిగాలి. చెరువుగట్టుకు 31 అక్కర్లేదని ఆయన గట్టిగానే చెప్పారు. నా అభిప్రాయం కూడా అదే. యువకుడు టైర్లు తీయనన్నాడు, గట్టు మీద బురదలో అవి ఇచ్చే పట్టు తనకు కావాలన్నాడు.

"సరే, నీ ఇష్టం. కానీ ఇది గుర్తుంచుకో" అంటూ మేస్త్రి గారు ఒక స్టిక్కరు మీద రాసి స్పీడో మీటరు పక్కన అంటించారు: 60 చూపిస్తే 71. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక గేర్ ఆయిల్ తీయించి, అందులో ఇత్తడి రేకులేమైనా ఉన్నాయేమో చూపించడానికి రమ్మన్నారు.